కొత్తవి వెనక్కి

సుద్దముక్క ఆమె అరచేతిలో పెట్టి టైర్ల మేస్త్రి జాకీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఎక్కడ బిగించాలో మీ చేత్తో మీరే రాయండి మేడమ్. ముందుకైతే ముందు అని, వెనక్కైతే వెనక అని. రాశాకే ఎక్కిస్తాను."

ఇదెక్కడి పద్ధతి అని అడగబోయి ఆమె ఆగిపోయింది. అడగని ప్రశ్నకి అతను తల తిప్పకుండానే, పానాతో నట్లు వదులు చేస్తూ జవాబు చెప్పాడు.

"మూడేళ్ళ నుంచి ఇంతే. ఎవరొచ్చినా ఇంతే."

మూడేళ్ళు అన్న మాట కంప్రెసర్ రొదలో కలిసిపోవలసింది. కలవలేదు. విడిగా వచ్చి ఆమె చెవిలో కూర్చుంది. ఇదే షాపు, ఇదే నీళ్ళ తొట్టి, గోడ పొడవునా పేర్చిన ఇవే నల్లటి దొంతరలు, ప్లాస్టిక్ కుర్చీ మాత్రం కొత్తది, అప్పుడు ఇక్కడ చెక్కబల్ల ఉండేది, ఆ బల్ల మీద కూర్చునే తమ్ముడు కాళ్ళు ఊపుకుంటూ తనకి ఫోన్ చేసి ఉంటాడు, నలభై దాటినా వాడికి కాళ్ళు ఊపే అలవాటు పోలేదు. మూడేళ్ళుగా ఆమె ఈ వీధిలోకే రాలేదు. తన డ్రైవింగ్ స్కూలు కార్లకి గాలి పెట్టించాలన్నా ఊరికి ఆ చివరనున్న షాపుకే పోతోంది. ఈరోజు కావాలని వచ్చింది, కావాలనే ఆ అమ్మాయిని కూడా ఇక్కడికే రమ్మంది. పదింటికి. గోడ గడియారంలో తొమ్మిదింపావు. ముప్పావుగంటలో నాలుగు చక్రాలూ ఊడదీసి బిగించడం మేస్త్రికి పెద్ద పని కాదు, తను ఇప్పుడే ఆ ఒక్క మాట రాసి పడేస్తే పదికి ముందే బండి తయారవుతుంది, తయారైతే ఎక్కి వెళ్ళిపోవచ్చు, ఏదో పని పడిందమ్మా ఇంకోరోజు చూద్దాం అని ఒక మెసేజ్ పెట్టొచ్చు, ఆ ఇంకోరోజు ఎన్నేళ్ళు సాగగలదో తనకంటే బాగా ఎవరికి తెలుసు.

గోడకి ఆనించిన రెండు కొత్త టైర్ల మీద రబ్బరు వెంట్రుకలు ఇంకా ఊడలేదు. గాడులు లోతుగా, వేలు పెడితే గోరు మునిగేంత లోతుగా ఉన్నాయి. చేతిలో సుద్దముక్క. ఈ చెయ్యికి సుద్దముక్క కొత్త కాదు, ఇరవై ఆరేళ్ళుగా స్కూలు ముందుగదిలో నల్లబోర్డు మీద అదే రోడ్డు గీస్తోంది, అదే మలుపు, మలుపులో అదే నలుచదరపు కారు, మలుపులో భయమేస్తే మొట్టమొదట ఏం చెయ్యాలి అని అడిగితే యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యాలి మేడమ్ అని బెంచీలన్నీ ఒకే గొంతుతో అరిచేవి, గట్టిగా, ఇంకోసారి, నిద్రలో అడిగినా చెప్పాలి అనేది తను. ఆ అమ్మాయి రెండో బెంచీలో కూర్చునేది. అరిచేది కాదు, పుస్తకంలో రాసుకునేది. కారులో కూర్చుంటే బానెట్టే కనిపించనంత పొట్టి, అందుకని మొదటి రోజే ఇంటినుంచి ఒక దిండు తెచ్చుకుంది, నీలం గళ్ళ దిండు, చంకలో పెట్టుకుని బస్సు దిగేది, తమ్ముడు గుమ్మంలోంచి చూసి అదిగో మన దిండమ్మ వస్తోంది, ఈవిడ బండి నేర్చుకోడానికి వస్తోందో పడుకోడానికి వస్తోందో కనుక్కోండి అనేవాడు, ఆ పిల్ల నవ్వితే కళ్ళు మూసుకుపోయేవి, స్టీరింగ్ ముందు మాత్రం నవ్వకు తల్లీ, రోడ్డు కనపడాలి అనేవాడు.

మూడేళ్ళుగా తన దగ్గరే ఉండిపోయిన ఆ దిండు ఇప్పుడు ఆమె కాళ్ళ దగ్గర సంచీలో ఉంది.

ముందు చక్రం ఊడివచ్చింది. మేస్త్రి దాన్ని దొర్లించుకుంటూ వచ్చి ఆమె ఎదురుగా పడుకోబెట్టాడు. అంచుల్లో గాడులు మాయమై గుండైపోయింది. నేర్చుకునేవాళ్ళ బండికి ముందు టైర్లే త్వరగా అరుగుతాయి, ఆగిన చోటే స్టీరింగ్ తిప్పుతారు, అనవసరంగా బ్రేకు తొక్కుతారు, ఇంజను లాగేది కూడా ముందు చక్రాలనే, ఇవన్నీ ఆమెకి కొట్టిన పిండి, అప్పుడూ తెలుసు, అరిగేవి ముందువే కాబట్టి కొత్తవి ముందుకే అని ఇరవై ఏళ్ళకి పైగా అలాగే వేయిస్తూ వచ్చింది. వేయించిన ప్రతిసారీ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్నే ఆమె తెలివి అనుకుంది.

ఆ రోజు ఫోన్ మోగినప్పుడు తను నల్లబోర్డు తుడుస్తోంది. ఒక చేతిలో తడిగుడ్డ, ఇంకో చేత్తో ఫోను. "అక్కా, మేస్త్రి ఏదో అంటున్నాడు విను. కొత్తవి వెనక బిగించి, వెనకున్నవి ముందుకి తెద్దామంటున్నాడు." అరిగినవి ఏవిరా అంది తను. "ముందువి." "అరిగినవి తీసినచోటే కొత్తవి పెట్టమను. స్టీరింగు తిప్పితే తిరిగేవి ఏ చక్రాలు, వెనకవా? పదిన్నరకి క్లాసుంది నాకు, కబుర్లు చెప్పక త్వరగా బండి తీసుకురా." ఫోన్ స్పీకర్లో పెట్టి ఉన్నాడని వాడి తరవాతి మాటతో తెలిసింది. "విన్నావా మేస్త్రీ, రెండోబ్రేకు పడింది. ఇంక బండి అంగుళం కదల్దు." ఆ వెనక ఇద్దరు మగవాళ్ళ నవ్వు. రెండోబ్రేకు అనేది శిష్యులు ఆమెకి చాటుగా పెట్టుకున్న పేరు. నేర్పే కారులో పక్కసీటు కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది కదా, అవతలివాళ్ళు తప్పు చెయ్యాలని అనుకునేలోపే ఆమె కాలు దానిమీద పడేది, ఇంట్లోనూ అంతే, తమ్ముడి పెళ్ళి విషయంలో పడింది, వాడు సొంతంగా లారీ కొనుక్కుంటానన్నప్పుడు పడింది, ఎవరి బండినైనా ఆపగలిగే కాలు అది. ఫోనులో ఆ మాటలకి అరనిమిషం పట్టలేదు. ఇన్నేళ్ళలో ఆమె మాట్లాడిన మాటలన్నీ ఒక పక్కన పోస్తే ఆ అరనిమిషం అడుగున ఎక్కడో కనపడకుండా పోవాలి. అదే పైకి తేలుతుంది. పళ్ళు తోముకుంటుంటే తేలుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే తేలుతుంది.

తొమ్మిదిన్నర. చినుకు పడుతున్నట్టుంది, రేకుల మీద టపటపమని రెండు మూడు, తరవాత ఏమీ లేదు, తరవాత మళ్ళీ. ఆ రోజు కూడా ఇలాగే, టైర్లు మార్చిన తొమ్మిదో రోజు, చాలా వారాల ఎండ తరవాత మొదటి చినుకు, రోడ్డు మీది దుమ్మూ నూనే తడిసి జారుడుగా అయ్యే చినుకు. గోదాముల వెనక రోడ్డు, స్టీరింగ్ ముందు ఆ పిల్ల, పక్కన నేర్పేవాళ్ళ సీటులో తమ్ముడు. వేగం నలభై దాటలేదు, అది అందరూ ఒప్పుకున్నారు. మలుపులో ఎదురుగా లారీ వచ్చింది, దాని దోవన అది వచ్చింది, అడ్డం కూడా రాలేదు, కానీ ఆ పిల్లకి భయమేసింది, భయమేసిన పిల్ల ఏం చెయ్యాలో అదే చేసింది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసింది. బరువు ముందుకి ఒరిగింది, వెనక తేలికైంది. ముందు కొత్త టైర్లు రోడ్డుని పట్టుకున్నాయి. వెనక పాతవి పట్టుకోలేదు. బండి తోక విసిరింది. తమ్ముడు రెండో బ్రేకు తొక్కే ఉంటాడు, వాడికి నేర్పింది కూడా తనే కదా, తొక్కితే ఇంకా తిరిగింది, తిరిగి తిరిగి వాడున్న పక్కే గోదాము గోడకి వెళ్ళి కొట్టుకుంది. ఆ పిల్లకి మోచేయి గీరుకుంది. వాడు ఆసుపత్రికి చేరలేదు.

"కాలు తీసేశాను మేడమ్," అంది ఆ పిల్ల ఆసుపత్రి వరండాలో, వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే మాట, అడిగినా అడక్కపోయినా, "నేనే కాలు తీసేశాను, నేనే." జనం ఆ మాటని అలాగే ఎత్తుకున్నారు. కాలు తీసేసిందట, బెదిరిందట, పొట్టిదానికి రోడ్డు కనపడలేదట. అయిదో రోజున వాహనాల ఇన్‌స్పెక్టర్ రాసిన రెండు పేజీల కాగితం వచ్చింది. నేర్చుకుంటున్న వ్యక్తి తడబాటు అని చివర్లో ఉంది, అందరూ చివరి మాట చదివారు. మొదటి పేజీ మధ్యలో, బ్రేకుల సంగతికీ దీపాల సంగతికీ నడుమ, ముందు టైర్లు కొత్తవి, వెనక టైర్లు అరిగి ఉన్నవి అని ఒక్క వరస. ఆ వరస దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. ముందు టైరు జారితే బండి నీతో చెప్పి జారుతుంది, స్టీరింగు తేలికైపోతుంది, వేగం తగ్గిస్తే మళ్ళీ దారికొస్తుంది, వెనకది చెప్పి జారదు, నీకు తెలిసేసరికి నువ్వు వెనక్కి తిరిగి ఉంటావు. ఇది ఎక్కడో చదివిందే. చదివి, వానలో వేగంగా పోయేవాళ్ళ గొడవ మనకెందుకులే అని పేజీ తిప్పిందే. ఆ రాత్రి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బీరువాలో చీరల కింద పెట్టింది.

చెప్పేదేమో. రేపు చెబుదాం అనుకుంది. పన్నెండో రోజయ్యాక అనుకుంది. కానీ పన్నెండో రోజున మరదలు, తమ్ముడి భార్య, నేలమీద కూర్చుని, "ఆ దిండుపిల్ల కాళ్ళు విరగ్గొడితే తప్ప నాకు నిద్ర పట్టదు వదినా," అంది, కన్నీళ్ళు లేకుండా, పళ్ళ బిగువున. ఆ కోపం మరదల్ని లేపి నిలబెట్టింది, వంట చేయించింది, పిల్లల్ని బడికి పంపించింది. ఆ కోపాన్ని తీసేస్తే ఈ మనిషి కూలిపోతుందని తను తనకి చెప్పుకుంది. ఇప్పుడు ఈ కుర్చీలో, రేకుల మీద చినుకుల కింద, ఆ మాటని ఇంకోసారి చెప్పుకోబోతే నాలుక తిరగలేదు. మరదలు కూలిపోతుందని కాదు. ఆ కోపం అటునుంచి తిరిగి తన మీదికి వస్తుందని. ఒకే కప్పు కింద, ఒకే గిన్నెలో అన్నం తింటూ, ఆ కళ్ళని రోజూ చూడాల్సొస్తుందని. అంతే. ఇంకే గొప్ప కారణమూ లేదు.

ప్రతి ఏడూ ఆ తారీఖున ఆ అమ్మాయి మెసేజ్ పెడుతుంది. క్షమించండి మేడమ్. ఒకటే మాట, కింద పేరు కూడా ఉండదు. ఏడుకొకటి చొప్పున మూడుసార్లూ ఆమె జవాబిచ్చింది. పర్వాలేదమ్మా. పర్వాలేదు అనడమే ఎంత పెద్ద అబద్ధమో, ఆ మాటతోనే నువ్వే చేశావు అని ముద్ర కొట్టినట్టని, పంపాక ప్రతిసారీ తెలిసింది, పంపకముందు ఒక్కసారీ తెలియలేదు. నిన్న ఆ పిల్లే ఫోన్ చేసింది. నర్సు చదువు పూర్తయిందట, ఇళ్ళకి వెళ్ళి మంచాన పడ్డవాళ్ళని చూసుకునే ఉద్యోగం వచ్చిందట, కారు నడపడం వస్తేనే ఇస్తారట. "వేరే స్కూలుకి పోవచ్చు మేడమ్. కానీ మీరు సరే అంటేనే నేను స్టీరింగు ముట్టుకుంటాను. మీరు వద్దంటే ఉద్యోగం వద్దని చెప్పేస్తాను. మా నాన్న ఇప్పటికీ నన్ను స్కూటర్ తాళం కూడా తాకనివ్వరు, ఒక ప్రాణం చాలదా అంటారు." ఎల్లుండిలోగా చెప్పాలట. వద్దు అన్నా సరే అన్నా అది తీర్పే అవుతుంది, తీర్పు చెప్పే కుర్చీలో తను కూర్చుని ఉంది. రేపు పదింటికి టైర్ల షాపుకి రా అంది ఆమె. ఎందుకు అక్కడికి అని ఆ పిల్ల అడగలేదు. ఇక్కడైతే ఇంకో మనిషి ఉన్నాడు. తన నోరు పెగలకపోతే, లేదా పెగిలి ఇంకోలా మాట్లాడితే, నిజం తెలిసిన మనిషి లోకంలో ఇంకొక్కడే ఉన్నాడు.

ఆ మనిషి నాలుగో చక్రం కూడా ఊడదీశాడు. బండి నాలుగు దిమ్మల మీద కాళ్ళు లేని జంతువులా నిలబడింది. నెత్తిన స్కూలు బోర్డు మాత్రం గర్వంగా ఉంది.

"రాశారా మేడమ్?"

"ఈ సుద్ద నావల్లే కదా," అంది ఆమె.

అతను మసిగుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడిగా, తొందర లేకుండా. "నోటితో చెప్పింది మీరు. చేత్తో బిగించింది నేను. అలా బిగించను, పొండి అని ఒక్కమాట అనుంటే మీ తమ్ముడు బండి తీసుకుని ఇంకో షాపుకి పోయేవాడు. లేదా మీకు మళ్ళీ ఫోన్ చేసేవాడు. నేను పోనీలే అనుకున్నాను. పైగా నవ్వాను కూడా."

"ఎవరికైనా చెప్పావా?"

"మీరు చెబుతారని చూశాను." అందులో నింద లేదు, అదే ఆమెకి తగిలింది. "మీరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. సుద్ద కొన్నాను."

"ఎవరైనా ముందు అని రాస్తే?"

"ఎందుకు కూడదో చెప్పి చూస్తాను. వినకపోతే సుద్ద తీసేసుకుని పంపేస్తాను. ఇప్పటికి నలుగురు అలా వెళ్ళిపోయారు. ఒకాయన అయితే నువ్వు టైర్ల మేస్త్రివా బడిపంతులువా అన్నాడు."

"ఎలాగూ పంపేసేవాడివి రాయించడం దేనికి?"

"రాసేటప్పుడు మనిషి ఒక్క క్షణం ఆగుతాడు మేడమ్. ఫోన్లో ఆగడు."

అతను అది దెప్పడానికి అనలేదు. ఆమె తల వంచుకుంది. చెమటకి సుద్ద అరచేతిలో మెత్తబడి తెల్లటి గీత పడింది. రాయడానికి అడ్డేముంది, నాలుగు గీతలు, మూడు అక్షరాలు, రాస్తే పావుగంటలో చక్రాలెక్కుతాయి. తొమ్మిదీ నలభై. కాళ్ళు లేని ఆ బండి వంక చూస్తూ ఉండగా ఆమెకి ఒక సంగతి తట్టింది, చిన్నదే, కానీ మూడేళ్ళలో మొదటిసారి కాలి కింద నేల తగిలినట్టయింది. చక్రాలెక్కకపోతే తను పారిపోవడం కుదరదు.

"ఆ అమ్మాయి వచ్చాక రాస్తాను," అంది. "అప్పటిదాకా ఎక్కించకు. నేను రాస్తానన్నా రాయనివ్వకు."

మేస్త్రి ఏ అమ్మాయి అని అడగలేదు. కంప్రెసర్ కట్టేశాడు. రొద ఆగాక వాన ఎంత పెద్దదైందో తెలిసింది.

పదికి అయిదు నిమిషాలుండగా గొడుగు కింద ఆ అమ్మాయి వచ్చింది. అంతే పొట్టి, కానీ మొహంలో వయసు పెరిగిపోయింది, కళ్ళ కింద ఇరవైనాలుగేళ్ళకి ఉండకూడని నీడలు. గుమ్మం దగ్గరే ఆగి, గొడుగు మూసి, నీళ్ళు లోపల పడకుండా బయటే దులిపింది. నేర్పే కారుని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. నమస్తే మేడమ్ అంది నేలని చూస్తూ. బాగున్నావా, ఇంట్లో అందరూ, ఉద్యోగం ఎక్కడ అని ఆమె నోట్లోకి బోలెడు మాటలు తోసుకొచ్చాయి, అన్నీ దారి తప్పించే మాటలే, వాటన్నిటినీ మింగి, "ఇలా రా," అంది. అరిగిన టైరు మీద ఆ పిల్ల అరచెయ్యి తీసి పెట్టింది. తరవాత కొత్తదాని మీద పెట్టింది. "తేడా తెలుస్తోందా?"

"తెలుస్తోంది మేడమ్."

ఆమె వంగి, కొత్త టైరు మీద వెనక అని రాసింది. అక్షరం వంకర పోయింది. రెండోదాని మీద రాస్తుంటే సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే పూర్తి చేసింది. నడుం ఎత్తకుండానే, టైరుతో చెబుతున్నట్టు, మొదలుపెట్టింది.

"ఆ రోజు బండికి కొత్తవి ముందున్నాయి. అరిగినవి వెనకున్నాయి. వెనక అరిగినవి ఉంటే తడిరోడ్డు మలుపులో కాలు తీస్తే చాలు, బండి తిరిగిపోతుంది. ఎవరు నడిపినా తిరుగుతుంది. నేను నడిపినా సరే. ఈ మేస్త్రి వెనకే వేద్దామన్నాడు. తమ్ముడు నన్నడిగాడు. ముందు వేయమన్నది నేను."

వాన. మేస్త్రి ఎక్కడున్నాడో అక్కడే నిలబడ్డాడు.

"మరి," అంది ఆ అమ్మాయి, "కాలు తియ్యడం తప్పు కాదా మేడమ్?"

"కాదమ్మా. నేను నేర్పినట్టే చేశావు."

ఆ పిల్ల టైరు మీంచి చెయ్యి తియ్యలేదు. వేళ్ళు గాడుల్లో ఇరుక్కుని ఉన్నాయి. ఏడుస్తుందనుకుంది ఆమె, ఏడిస్తే బాగుండుననుకుంది, అరిచినా బాగుండును.

"మీకెప్పుడు తెలిసింది?"

"అయిదో రోజున."

"నేను మీకు మూడుసార్లు మెసేజ్ పెట్టాను."

"పెట్టావు."

"మూడుసార్లూ పర్వాలేదమ్మా అన్నారు."

మూడేళ్ళుగా ఆమె లోపల దాచుకున్న సంజాయిషీలన్నీ, మరదలి సంగతి, పిల్లల సంగతి, పోయిన మనిషి ఎలాగూ తిరిగి రాడన్న సంగతి, పిలిస్తే పలికేంత దగ్గర్లోనే నిలబడి ఉన్నాయి. పిలవలేదు. ఆ అమ్మాయి వెళ్ళి గుమ్మంలో అటు తిరిగి నిలబడింది. భుజాలు ఒకసారి కదిలి ఆగిపోయాయి. మేస్త్రి ఆమె వైపు చూశాడు, ఆమె తలాడించింది. వెనక అని రాసినవి వెనక ఎక్కాయి, వెనకవి ముందుకొచ్చాయి, గుండైపోయినవి మూలకి దొర్లాయి. ఎదురెదురు నట్లు ఒకదాని తరవాత ఒకటి బిగిస్తుంటే పానా టక్కుమనే చప్పుడు. దాన్ని లెక్కపెడుతూ ఆమె ఇంకేమీ ఆలోచించకుండా ఉండగలిగింది. కొత్త రబ్బరు కదా మేడమ్, కొన్నాళ్ళు నెమ్మదిగా పోండి, వారం తరవాత వచ్చి నట్లు ఇంకోసారి చూపించుకోండి అని అతను అందరికీ చెప్పేదే చెప్పాడు.

గుమ్మంలోంచి ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం ఆసుపత్రి గొంతు, మంచాన పడ్డవాళ్ళతో మాట్లాడే గొంతు.

"మా నాన్నకి చెప్పాలి మేడమ్. సార్ భార్యకి చెప్పాలి. నేను చెబితే తప్పించుకోడానికి అంటున్నాననుకుంటారు. మీరే చెప్పాలి. నేను పక్కనుంటాను."

"ముందు ఎవరికి?"

"ఆవిడకి."

ఆమె వంగి సంచీలోంచి దిండు తీసి ఇచ్చింది. నీలం గళ్ళు వెలిసిపోయాయి, ఒక మూల కుట్లు ఊడాయి. ఆ పిల్ల దాన్ని తీసుకుని కాసేపు చూసి చంకలో పెట్టుకుంది, మునుపటిలాగే.

ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. వెనక తలుపు తెరుచుకుంటుందని ఎదురుచూసింది. తెరుచుకుంది పక్క తలుపు. ఆ అమ్మాయి దిండు సీటులో వేసుకుని, సీటు ముందుకి జరుపుకుని, నేర్పేవాళ్ళ చోటులో, తమ్ముడి చోటులో కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. వంగి కాళ్ళ దగ్గర ఏదో చూసుకుంది. బండి షాపులోంచి వానలోకి దిగింది. వెనక చక్రాల మీది సుద్దరాత మొదటి చుట్టులోనే కరిగిపోయి ఉంటుంది. మొదటి మలుపు వచ్చింది. ఆమె వేగం తగ్గించి నిదానంగా తిప్పింది, బండి తోక విసరకుండా వెంటవచ్చింది, పక్కకి చూడకుండానే ఆమెకి కనిపించింది, ఆ చిన్న పాదం రెండో బ్రేకు మీద, తొక్కకుండా, తియ్యకుండా, ఇంటిదాకా అలాగే ఉండబోతున్నట్టు ఆనించి ఉంది.